ఫ్రాన్స్ పిలుపు, అమ్మ గొలుసు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. నాకు 26 ఏళ్లు. మా నాన్న తప్పెటగుళ్ళ గురువు, గుండెల మీద తప్పెట కట్టుకుని వాయిస్తూ ఆడే ఆట మాది. జట్టులో 14 మందిమి ఉన్నాం. ఎనిమిది మంది ఒడిశా వైపు, ఆరుగురు పాతపట్నం వైపు. ఫేస్‌బుక్‌లో మా వీడియో చూసి, ఫ్రాన్స్‌లో జులైలో జరిగే జానపద ఉత్సవం వాళ్ళు ఆహ్వానం పంపారు. భోజనం, బస వాళ్ళవి. విమానం ఛార్జీలు మావి. హైదరాబాద్‌లో ఒకాయన వీసాలు, టికెట్లు అన్నీ చూసుకుంటానని మనిషికి లక్షా అరవై వేలు అడుగుతున్నారు. నెలాఖరుకి నలభై వేలు అడ్వాన్సు కట్టాలి. తిరిగొచ్చాక ప్రభుత్వం నుంచి ఆ డబ్బు ఇప్పిస్తానంటున్నారు. జట్టులో ఇంకో ఇద్దరి పేర్లు కలుపుకుంటే మా ఖర్చు తగ్గిస్తారట. అమ్మ గొలుసు తాకట్టు పెడదామంటోంది. నాన్నకి 61. ఒక్కసారి విమానం ఎక్కాలని ఆశ. మా బావ కూడా జట్టులో ఉన్నాడు, ఒడిశా గవర్నమెంటు బడిలో టీచరు. కళాకారుల విదేశీ ప్రయాణాలకి డబ్బిచ్చే సంస్థలుంటాయని విన్నాను. ఒడిశాలో అడిగితే మీరు తెలుగువాళ్ళు అంటారు, ఆంధ్రాలో అడిగితే మీరు ఒడిశావాళ్ళు అంటారు. మేం ఎవర్ని అడగాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం:

తమ్ముడూ, ఆ నలభై వేలు ఇంకా కట్టలేదు కదా? కట్టకు. ఇది చదివేదాకా గొలుసు బీరువాలోనే ఉండనీ.

అన్నిటికంటే ముందు ఆ ‘ఇంకో ఇద్దరి’ సంగతి. నువ్వు దాన్ని ఖర్చు తగ్గే దారిగా రాశావు గానీ, నాకు ఆ వాక్యం దగ్గరే చెమట పట్టింది. పాటగాళ్ళు, ఆటగాళ్ళు అని చెప్పి మనుషుల్ని విదేశాలు దాటించి అక్కడే వదిలేసే వ్యాపారం మన దేశంలో చాలా ఏళ్లుగా ఉంది. పంజాబ్ వైపు దీనికి ‘కబూతర్‌బాజీ’ అని పేరు కూడా ఉంది. ఆ ఇద్దరూ తప్పెట పట్టుకుని ఫ్రాన్స్‌లో దిగి, మూడో రోజు కనిపించకుండా పోతే, మిగిలిన 14 మందినీ పోలీసులు కూర్చోబెట్టి అడుగుతారు. ఆహ్వానపత్రంలో మీ నాన్న పేరుంటుంది గానీ ఆ ఏజెంటు పేరుండదు. ఆ తర్వాత మీ ఊరి పేరు మీద ఏ జట్టు వీసాకి వెళ్ళినా అనుమానంగానే చూస్తారు. అందుకని, అతను ఖర్చు సగానికి తగ్గిస్తానన్నా ఊరకే చేస్తానన్నా, తప్పెట కొట్టడం రాని మనిషి పేరు మీ జాబితాలో రాయొద్దు. ఆ మాట ఎత్తినవాడితో ఇక వేరే బేరం కూడా పెట్టుకోవద్దు.

ఇక ఆహ్వానం. అది దొంగది కాకపోవచ్చు. భోజనం, బస, ఊళ్ళో తిరగడానికి బస్సు మావి, అక్కడిదాకా రావడానికి ఛార్జీలు మీవి అనే పద్ధతి జానపద ఉత్సవాల్లో మామూలే. ఫ్రాన్స్‌లోనే కాన్ఫొలాన్ అనే చిన్న ఊళ్ళో 1970లో ‘సియోఫ్’ అనే అంతర్జాతీయ జానపద ఉత్సవాల సంస్థ పుట్టింది. దాని కింద జరిగే ఉత్సవాలు చాలావరకు ఈ పద్ధతినే నడుస్తాయి. యూరప్ జట్లు సొంత బస్సేసుకుని వస్తాయి కాబట్టి వాళ్ళకి ఇది సరిపోతుంది. పర్లాకిమిడి నుంచి వెళ్ళేవాళ్ళకి ఎలా సరిపోతుంది? దాని గురించి వాళ్ళు ఆలోచించరు. అది వాళ్ళ దుర్మార్గం కాదు, అలవాటు.

కాబట్టి నువ్వే తేల్చుకో. ఉత్సవం పేరుతో నెట్‌లో వెతుకు, పోయినేడాది ఏ ఏ దేశాల జట్లు వచ్చాయో చూడు, అందులో మన దేశపు జట్టు ఉంటే వాళ్ళకి ఫోన్ చెయ్యి. తర్వాత ఏజెంటుతో సంబంధం లేకుండా ఉత్సవం ఆఫీసుకే నువ్వు సొంతంగా మెయిల్ రాయి. మీరు పాల్గొనే రుసుం తీసుకుంటారా, ఎన్ని రోజులు, ఎన్ని ప్రదర్శనలు, జట్టులో ఎంతమందికి తిండి పెడతారు, హైదరాబాద్‌లోని ఫలానా ఆయన మీ మనిషేనా అని అడుగు. ఫోన్‌లో అనువాదం చేసుకుని పంపినా చాలు. తలకి ఇన్ని యూరోలు కట్టాలి అని జవాబొస్తే అది ఉత్సవం కాదు, టూరు ప్యాకేజీ. బతుకుతెరువు బాగున్నవాళ్ళు సరదాగా వెళ్ళొచ్చే రకం. మనకొద్దు.

లెక్క కూడా చూద్దాం. 14 మందికి లక్షా అరవై వేల చొప్పున ఇరవై రెండు లక్షల నలభై వేలు. ఫ్రాన్స్ వెళ్ళడానికి కావాల్సిన షెంజెన్ వీసా రుసుం 2024 జూన్ నుంచి పెద్దలకి 90 యూరోలు. దాని మీద దరఖాస్తు కేంద్రం వాళ్ళ సర్వీసు ఛార్జీ, ముప్పై వేల యూరోలకి తక్కువ కాని వైద్య బీమా, జులై రద్దీలో టికెట్టు. ఎంత గట్టిగా లెక్కేసినా అంత మొత్తం అవసరం లేదు. ఇంకో సంగతి. వీసా రాకపోతే ఆ రుసుం వెనక్కి రాదు. 14 మందిలో నలుగురికి రాలేదనుకో, పది మందితో తప్పెటగుళ్ళు ఆడతారా? ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కే ఆ విన్యాసంలో అడుగున నిలబడే మనిషి లేకపోతే ఏం చేస్తారు? నెలసరి జీతం, బ్యాంకు పొదుపు లేని మనుషులు కచ్చితంగా తిరిగొస్తారని వీసా ఆఫీసరుని నమ్మించడం కష్టం. అప్పు తెచ్చి ఖాతాలో వేసిన డబ్బు ఒక్కసారిగా కనబడితే ఇంకా కష్టం.

‘తిరిగొచ్చాక ప్రభుత్వం ఇస్తుంది’ అన్న మాట ఇంకెవరూ నమ్మకుండా మీ పల్లెలో అందరికీ చెప్పు. ముందుగా కాగితం మీద మంజూరు రాకుండా, వెళ్ళొచ్చాక బిల్లులు చూపించి డబ్బు తెచ్చుకున్న జట్టుని నేను చూడలేదు. ఇరవై ఏళ్లు బరంపురంలో కూర్చుని జట్లకి లెక్కలు రాశాను, కొన్నిటితో వెంట కూడా వెళ్ళాను. బిల్లుల సంచీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళని మాత్రం చాలామందిని చూశాను.

మరి డబ్బు పెట్టేదెవరు? మన దేశం తరఫున ముఖ్యమైన దారి ఐసీసీఆర్, అంటే భారత సాంస్కృతిక సంబంధాల మండలి. 1950లో మౌలానా అబుల్ కలాం ఆజాద్ పెట్టిన సంస్థ, విదేశాంగ శాఖ కింద ఉంటుంది. బయటి దేశాల్లో మన రాయబార కార్యాలయాలు ఉత్సవాలు చేసేటప్పుడు ఇక్కడి నుంచి జట్లని పంపేది వీళ్ళే. వాళ్ళు పంపితే విమానం ఛార్జీలు మామూలుగా వాళ్ళే పెట్టుకుంటారు. కానీ ముందు వాళ్ళ ప్యానెల్‌లో పేరుండాలి. దరఖాస్తు, వీడియో, ఇంతకుముందు ఆడిన చోట్ల ఉత్తరాలు పరిశీలించి పేరు చేర్చుకుంటారు. చేర్చుకున్నంత మాత్రాన రేపే విమానం ఎక్కిస్తారని కాదు, ఏళ్లు పట్టొచ్చు. చిన్న జట్టు అయితే పిలుపు త్వరగా వస్తుంది, ఎందుకంటే ప్రతి తలా ఒక టికెట్టే. ఎనిమిది మందితో ఆట రక్తి కట్టేలా ఒక కూర్పు ఇప్పటినుంచే సాధన చెయ్యమని నాన్నతో చెప్పు. ఒప్పుకోరు, నాకు తెలుసు. ఐనా చెప్పు.

ఒడిశానా ఆంధ్రానా అన్న నీ బాధ నాకు కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఎస్టేటు రెండు ముక్కలైంది. పర్లాకిమిడి పట్నం ఒడిశా వైపు, పాతపట్నం ఆంధ్రా వైపు, మధ్యలో మహేంద్రతనయ నది. గిడుగు రామమూర్తి గారు ఆ ఏడే పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయనైతే వెళ్ళిపోగలిగారు. మనం వెళ్ళలేదు కాబట్టి దీన్ని లాభంగా వాడుకుందాం. దరఖాస్తు ఒడిశా నుంచే పెట్టు. గురువు ఇల్లు ఎక్కడుంటే జట్టు అక్కడిది. ఐసీసీఆర్ ప్రాంతీయ కార్యాలయం భువనేశ్వర్‌లో ఉంది. ఒడిశా సంగీత నాటక అకాడమీ కూడా అక్కడే. కేంద్ర ప్రభుత్వపు జోనల్ సాంస్కృతిక కేంద్రాల లెక్కలో ఒడిశా కోల్‌కతాలోని తూర్పు కేంద్రం కిందికి వస్తుంది, ఆంధ్ర తంజావూరులోని దక్షిణ కేంద్రం కిందికి. శ్రీకాకుళం, విజయనగరం నుంచి తప్పెటగుళ్ళ జట్లు డజన్ల కొద్దీ ఉన్నాయి, ఆ వరసలో మీది ఎన్నోదో. కోల్‌కతా వాళ్ళ దగ్గర గోటిపువా, ఛౌ లాంటి నృత్యాలు దండిగా ఉంటాయి గానీ, ఒడిశా పేరు మీద తప్పెటగుళ్ళు పట్టుకొచ్చేవాళ్ళు ఎంతమంది? ‘గజపతి జిల్లా సరిహద్దు గ్రామాల తెలుగు యాదవుల ఆట’ అని ఉన్నది ఉన్నట్టు రాయి. రెండు వేల ఏళ్ల చరిత్ర అంటూ కోతలు కొయ్యొద్దు. ఎవరైనా ‘ఇది ఒడిశా కళ ఎలా అవుతుంది?’ అంటే, గంగమ్మ జాతరలో మీ ఊరి ఒడియావాళ్ళు కూడా నిలబడి చూస్తారుగా, ఆ ఫొటో చూపించు.

ఇప్పుడు అసలు మాట. నీ మొదటి విదేశీ ప్రయాణం 14 మందితో ఉండకూడదు. ఒక్కడివి, లేదా నువ్వూ నాన్నా. ఒకరిద్దరి ఖర్చు పూర్తిగా పెట్టుకునే సంస్థలు దొరుకుతాయి, జట్టంతటి ఖర్చూ పెట్టుకునేవి అరుదు. స్విట్జర్లాండ్ వాళ్ళ ప్రో హెల్వెషియాకి ఢిల్లీలో ఆఫీసుంది, అక్కడి కళాకారులతో కలిసి పనిచేసేవాళ్ళకి రెసిడెన్సీలు (కొన్నాళ్లు అక్కడే ఉండి పనిచేసుకునే అవకాశాలు), పరిశోధన ప్రయాణాలు ఇస్తుంది. ఫ్రాన్స్ మీదే మనసుంటే, ఇక్కడి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ 2023లో మొదలుపెట్టిన విల్లా స్వాగతం రెసిడెన్సీల ప్రకటనలు చూస్తూ ఉండు. న్యూయార్క్‌లోని ఏషియన్ కల్చరల్ కౌన్సిల్ 1963 నుంచి ఆసియా, అమెరికా కళాకారుల రాకపోకలకి డబ్బు పెడుతోంది. ఎవరెవరు ఎప్పుడు పిలుస్తున్నారో ఒక్కచోట చూడాలంటే ‘ఆన్ ద మూవ్’ వెబ్‌సైట్ ఉంది, కళాకారుల ప్రయాణాల సమాచారం కోసమే నడుస్తుంది, ఉచితం. ఏ ప్రకటన చదివినా ముందు ఒక్కటే చూడు: టికెట్టు ఎవరిది, బస ఎవరిది, రోజు ఖర్చు ఎంత ఇస్తారు. ‘రెసిడెన్సీ’ అని పేరు పెట్టి గది అద్దె మన దగ్గరే వసూలు చేసేవి కూడా బోలెడు.

వీళ్ళెవరూ ‘మా ఆట చూపిస్తాం’ అంటే డబ్బివ్వరు. ‘అక్కడి ఫలానా డోలు వాయించేవాళ్ళతో నెల రోజులు కూర్చుని అడుగుకీ దెబ్బకీ ఉన్న సంబంధం మీద పనిచేస్తాం’ లాంటి మాట కావాలి వాళ్ళకి. ఈ భాష ఇప్పుడు నీకు కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. నేర్చుకోవడానికి నాకు తెలిసిన మంచి చోటు బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్. 1993లో పుట్టిన సంస్థ. వాళ్ళిచ్చేది విదేశీ ప్రయాణాలకి కాదు, ఇక్కడ చేసే పరిశోధనకీ పనికీ. కానీ ప్రతిపాదన తెలుగులోనే రాసుకోవచ్చు. నాన్నకి తెలిసిన పాటలు, అడుగులు, ఏ పాటకి ఏ వరస అన్నది రికార్డు చేసే పని ఒకటి రాసి పంపు. ఆ పని చేతిలో ఉంటే తర్వాత ఎవర్ని అడిగినా నువ్వు ఒట్టి చేతులతో అడుగుతున్నట్టుండదు. నాన్నకి 61 అన్నావు కాబట్టి ఇది ఫ్రాన్స్ కంటే తొందర.

అమెరికా తెలుగు సంఘాల సభలు కూడా ఉన్నాయి. వాళ్ళ వేదికల మీద సినిమావాళ్ళు పోగా మిగిలిన చోటే జానపదానిది, ఐనా పిలిస్తే టికెట్టు వాళ్ళదే అని ముందే రాయించుకో.

మీ బావ విషయం వేరు. ప్రభుత్వ ఉద్యోగి విదేశాల్లో అక్కడివాళ్ళ ఖర్చుతో తిండి, బస, ప్రయాణం పొందాలంటే, విదేశీ విరాళాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం కేంద్ర హోంశాఖ అనుమతి ముందే తీసుకోవాలి. దాని ఫారం పేరు ఎఫ్‌సీ-2. సొంత శాఖ నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ) అదనం. ఈ రెండూ లేకుండా వెళితే ఆయన ఉద్యోగానికే ఎసరు. అదే చట్టం మీ సంఘానికీ తగులుతుంది. రిజిస్టర్ చేసిన కళా సంఘం ఖాతాలోకి విదేశీ గ్రాంటు తీసుకోవాలంటే వేరే రిజిస్ట్రేషన్ కావాలి. అందుకే ‘డబ్బు పంపకండి, టికెట్లు మీరే కొని పంపండి’ అని పిలిచినవాళ్ళకి చెప్పడం తేలిక.

ఈలోగా నీ చేతిలో ఉన్నది పాస్‌పోర్టులు. మామూలు పాస్‌పోర్టుకి పదిహేను వందలు, పదేళ్లు ఉంటుంది. అందరికీ ఒకేసారి కాకపోయినా నీకూ నాన్నకీ ఈ నెలలోనే పెట్టు. మన సరిహద్దు వాళ్ళకి దీనిలో ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. బడి సర్టిఫికెట్ పాతపట్నంలో తెలుగు పేరుతో, ఇంటిపేరు ముందు. ఆధార్ పర్లాకిమిడిలో ఒడియా ఆపరేటర్ టైపు చేసింది, ఇంటిపేరు వెనక. ‘అప్పలస్వామి’ ఒకచోట ఒక్క పదం, ఒకచోట రెండు ముక్కలు, ఓటరు కార్డులో ఒక ‘ప’ మాయం. మనకి ముగ్గురూ ఒక్కరే, కంప్యూటరుకి ముగ్గురు వేరు. నాన్న కార్డులన్నీ చాప మీద పరిచి, అక్షరం అక్షరం పోల్చి చూసి, ముందు ఆధార్ సరిచేయించు. ఇంకోటి, వీసాకి వేలిముద్రలు ఇవ్వాలి. నాగలి పట్టి, తప్పెట కొట్టి అరిగిన వేళ్లు ఒక్కోసారి మెషీన్‌కి దొరకవు. రేషన్ దుకాణంలో ఈపాటికే తెలిసి ఉంటుంది.

తప్పెటల సంగతి ఒకటి చెప్పాలి, ఇది ఏ కాగితంలోనూ ఉండదు. నేను వెంట వెళ్ళిన ఒక జట్టు యూరప్‌లో దిగిన రోజు ముసురు. తోలు మెత్తబడి, కొడితే తడి గోనె మీద కొట్టినట్టుంది. మా గురువు గారు ఇంటి దగ్గర చేసినట్టే నాలుగు గడ్డిపరకలు వెలిగించి కాచబోయారు, హాలు వెనక మెట్ల మీద. అగ్గి అలారం మోగి హాలంతా ఖాళీ. రెండొందల మంది బయట వానలో. ఆయన మాత్రం ‘ఇంకో నిమిషం ఆగితే పలికేది’ అని నా మీద విసుక్కున్నారు. తర్వాత హోటల్‌లోంచి జుట్టు ఆరబెట్టుకునే డ్రయర్ తెచ్చి కాచాం. బాగానే పలికింది. అలంకరణలో నెమలి ఈకలుంటే అవి ఇంటి దగ్గరే వదిలెయ్యండి, వాటిని దేశం దాటించడం నిషేధం.

ఉత్సవం వాళ్ళకి ఈ వారమే జవాబు రాయి: పిలిచినందుకు సంతోషం, ఈ ఏడు రాలేం, వచ్చే ఏటికి మాకు ఇప్పటినుంచే ఆహ్వానం ఇస్తే ఛార్జీల కోసం ఇక్కడ దరఖాస్తులు పెడతాం, మీ తరఫున కూడా కొంత చూడండి అని. నిజమైనవాళ్ళయితే ఏడాది ముందు మాట్లాడేవాళ్ళనే ఇష్టపడతారు. ఆ ఉత్తరం ఐసీసీఆర్ దరఖాస్తుకి జత చెయ్యొచ్చు. ఏజెంటుకి జవాబు అవసరం లేదు.

ఇక వీడియో. ఫేస్‌బుక్‌లో పెట్టింది నాకూ పంపావు కదా, చూశాను. డీజే బాక్సుల హోరులో తప్పెట వినబడటం లేదు, ఫోన్ పట్టుకున్నవాడు కూడా ఎగురుతున్నాడు. తెల్లవారుజామున, జాతర జనం లేనప్పుడు, గుడి ముందు మట్టి నేల మీద ఒక్క పావుగంట ఆడండి. ఫోన్ స్టాండు మీద కదలకుండా, పాదాలు, గజ్జెలు, తప్పెటలు మూడూ ఫ్రేములో ఉండేలా పెట్టు. మైకు వద్దు. చివర్లో నాన్నని ఒక్కర్నే కూర్చోబెట్టి, తప్పెట ఒళ్ళో పెట్టుకుని, ఈ ఆట ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆయన మాటల్లోనే చెప్పమను. తీశాక నాకు పంపు, దరఖాస్తులో ఏం రాయాలో అప్పుడు మాట్లాడుకుందాం.